పది రాళ్లకు తొమ్మిది

ఆ పొద్దున ఆకాశం ఏ పనీ చెయ్యలేదు. మబ్బూ పట్టలేదు, తెరిపీ ఇవ్వలేదు. కొలిమి మీద నీళ్లు చల్లితే మిగిలే బూడిద ముద్దలా ఇంటిమీద ఊరికే పడి ఉంది. తూర్పున మాత్రం బూడిదలో ఆరని కణికలా కొంచెం ఎరుపు. నేను అందరికన్నా ముందు లేచి, జేబులో తాడు పెట్టుకుని, వాకిట్లో నిలబెట్టిన మా అల్లుడి కారు దగ్గరికి వెళ్లాను. తాడు మా నాన్నది. బండిచక్రాలకు ఇనప కట్టు వేసేముందు ఆయన చక్రం చుట్టూ ఈ తాడే తిప్పి ముడి వేసేవాడు. ముడి మీద ముడి పడి అది తాడులా లేదు, జపమాలలా ఉంది. అల్లుడు కొత్తగా వేయించిన టైరు చుట్టూ దాన్ని తిప్పాను. తర్వాత పెరట్లోకి వెళ్లి, మనవరాలు మట్టి పోసుకుని ఏవో గింజలు నాటుకున్న పాత టైరు చుట్టూ తిప్పాను. జానెడు తేడా. నా జానతో, చిటికెనవేలు గోరు లేని ఈ చేతి జానతో, సరిగ్గా జానెడు. అంటే చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి జానెడు ఎక్కువ పోతుంది. ఆ జానెడు సంగతి లోపలున్న మీటరుకు తెలియదు. దానికింకా పాత చక్రమే గుర్తు. కొత్త పెళ్లాన్ని చచ్చిపోయిన పెళ్లాం పేరుతో పిలిచే మొగుడిలా అది పాత లెక్కే చెబుతూ ఉంటుంది, వీడు నమ్ముతూ ఉంటాడు. తాడు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం నాకు అలవాటు. అలవాటు అనకూడదు, నాకదో గొప్ప.

ఎక్కడానికి పీట కావలసిన బండి అది. కొండ అవతల మా వదిన, అంటే మా ఆవిడ అక్క, మంచాన పడితే చూసొద్దామని ప్రయాణం. ప్రయాణానికి ముందు మా అమ్మాయి స్నానాలగదిలోంచి నీలం ప్లాస్టిక్ పీట తెచ్చి వాకిట్లో వేసింది. మా ఆవిడ ఆ పీట మీద మంచి కాలు పెట్టింది, తలుపు పట్టుకుంది, నేను మోచెయ్యి పట్టాను, అవిటి కాలు చెప్పిన మాట వినని పిల్లలా ఆలస్యంగా వెనకాల వచ్చింది. పీట కూడా బండిలోనే పెట్టుకున్నాం, దిగాలిగా మరి. చూశారా మామయ్యా, పైనుంచి లోకం ఎంత బాగా కనిపిస్తుందో అన్నాడు అల్లుడు. కనిపించదూ. పైనుంచి ఎప్పుడూ బాగానే ఉంటుంది, కిందున్నవాళ్ల మొహాలు కనపడవు కనక. మొన్న మనవరాలు బంతికోసం బండి ముందు వంగింది. స్టీరింగు దగ్గర కూర్చున్నవాడికి దాని జడకు కట్టిన రిబ్బను కూడా కనపడలేదు. నాకు మెట్టు మీంచి కనపడింది. వెళ్లి చెయ్యి పట్టి లాక్కొచ్చాను, వాడికి అదీ కనపడలేదు. నేల విడిచి సాము అని మా వైపు ఒక మాట. వీడు చేసింది అదే, కాకపోతే కూర్చుని చేశాడు. ఈ ఎత్తంతా ఏ అడవికోసం, ఏ వాగుకోసం అని అడుగుతారేమో. సూపర్ మార్కెట్ ముందు తవ్వి వదిలేసిన గుంట ఒకటుంది. ఆ బండి చూసిన అడవీ వాగూ అదే.

వెనకసీట్లో ఎడమవైపు నేను, కుడివైపు మా ఆవిడ, మధ్యలో మనవరాలు. దాన్ని ఇంట్లో అందరూ చిటికె అంటారు, పుట్టినప్పుడు అంతే ఉందని. ఆరేళ్లొచ్చినా పెద్ద మార్పు లేదు. బెల్టు దాని భుజం మీద కాకుండా మెడ మీద పడుతుంది, అది విసుక్కుని బెల్టును చంక కింద దోపుకుంటుంది, వాళ్లమ్మ ముందునుంచి తిరిగి సర్దుతుంది, మళ్లీ దోపుకుంటుంది. ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర, రోడ్డు పక్కన సున్నా కిలోమీటరు రాయి ముందు, అల్లుడు మీటరు బొత్తాం నొక్కి సున్నా చేశాడు. చూద్దాం ఎంతొస్తుందో అన్నాడు. చూద్దాం అనుకున్నాను నేను కూడా. ఇద్దరం ఒకే మాట అనుకున్నాం, బహుశా ఎనిమిదేళ్లలో మొదటిసారి.

ఒకటో రాయి. తెల్ల సున్నం, పైన పసుపు, మీద ఎవరో ఆరేసిన గుడ్డ. రాయికి దొంగబుద్ధి ఉండదు. మూడు వారాల కింద టైర్ల షాపుకి నేనూ వెళ్లాను, నన్ను తీసుకెళ్లారు, పెద్దవాడు, చక్రాలు చేసిన మనిషి, సంతోషిస్తాడని మా అమ్మాయి అనుకుంది. టైర్ల షాపువాణ్ని అందరూ డాక్టర్ అంటారట. చేతులు పెట్రోలుతో కడుక్కుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, మనతో మాట్లాడుతున్నాడో ఫోనుతో మాట్లాడుతున్నాడో తెలియకుండా రెండింటితోనూ ఒకేసారి అబద్ధమాడే మనిషి. అల్లుడిది మందుల షాపు. డాక్టర్ రాసిస్తే మందులవాడు ఇవ్వక చస్తాడా. ముప్పై అంగుళాల టైర్లు తీసేసి ముప్పై మూడువి వెయ్యమన్నాడు డాక్టర్, వేశారు. టైరుకు చోటు చాలదని స్ప్రింగుల మీద ఇనప దిమ్మెలు పెట్టి బండిని లేపారు. లేపి, నాలుగు చక్రాలూ గాలిలో వేలాడుతూ ఉండగా, డాక్టర్ ఒక చేత్తో స్టీరింగు ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పాడు. ఎక్కడా తగలడం లేదు చూసుకోండి అన్నాడు. ఉరేసుకున్నవాడి కాళ్లు కూడా ఎక్కడా తగలవు. నేను వంగి చూశాను. ఎడమ ముందు చక్రం లోపలి అంచుకూ, దాని వెనకాల వేలాడే రబ్బరు గొట్టానికీ మధ్య రెండు వేళ్ల సందు. బ్రేకు నూనె ఆ గొట్టంలోంచే పోతుందని డాక్టరే చెప్పాడు, నేను అడిగితే. అప్పుడు ఇంకో మాట అడిగాను. ఆ రోజు మొత్తానికి నేనన్న మాటలు ఆ రెండే.

“బరువేసి తిప్పి చూశారా?”

డాక్టర్ ఫోను కిందకి దించి మరీ నవ్వాడు. “తాతా, ఇది ఎద్దులబండి కాదు. ఏం కాదు సార్, ఇలాంటివి వంద చేశా.” మొదటి ముక్క నాకు, రెండోది అల్లుడికి. అల్లుడు కూడా నవ్వాడు. పెద్దగా కాదు, మర్యాదగా, ఖాతాదారు ముందు నవ్వినట్టు. ఆ నవ్వు నాకు గుర్తుంది. పళ్లు పదహారు కనపడ్డాయి.

నాలుగో రాయి. ఏం కాదు. ఇంతకన్నా చవకైన మాట ఇంకోటి లేదు. మూడక్షరాలు. కరెంటు తీగ మీద బట్టలారేసేవాడూ అదే అంటాడు, పాచిపట్టిన మెట్టు మీద పిల్లాణ్ని పరిగెత్తమనేవాడూ అదే అంటాడు. అనేవాడికి ఏం కాదు, అది మాత్రం నిజం. వీడు మందుల షాపులో భూతద్దం పెట్టుకుని కూర్చుంటాడు. చిటికెకు దగ్గొస్తే మందు మూతను కళ్లెదురుగా పట్టుకుని గీత దాకా పోసి, ఒక చుక్క ఎక్కువైతే తిరిగి సీసాలో వంపుతాడు. ఐదంటే ఐదే మామయ్యా, ఆరైతే వేరే లెక్క అని నాకు పాఠం చెప్పాడు ఒకసారి. ఆ మనిషే మూడంగుళాల దగ్గరికొచ్చేసరికి ఏం కాదంటాడు. పిల్ల కడుపులోకి పోయేదానికి కొలత ఉంది, పిల్లనే మింగి కూర్చున్నదానికి కొలత లేదు.

ఆరో రాయి దాటాక రైలుగేటు. గేటు పడుతోంది, ముందు ఒకడు సైకిలు దిగి నిలబడ్డాడు, వెనక సీటుకు పాలక్యాన్లు. అల్లుడు బ్రేకు తొక్కాడు. బండి ఆగింది, ఆగిందిలెండి, కానీ ఆగాల్సిన చోట కాదు. ఇంకో మూరెడు ముందుకి, పాలక్యాన్ల మూతలు మా బండి కింద కనపడకుండా పోయేంత ముందుకి. సైకిలువాడు వెనక్కి తిరిగి పైకి చూశాడు. ఎవరో మేడమీంచి ఉమ్మితే చూసినట్టు చూశాడు. టైర్లు కొత్తవి కదా, బ్రేకులు అలవాటు పడాలి అన్నాడు అల్లుడు. అలవాటు పడతాయట, అత్తారింటికొచ్చిన కోడలిలా. చక్రం బరువెక్కింది, తిరిగేది ఆగనంటుంది, బ్రేకు మాత్రం అదే పాతది, దాన్ని ఎవరూ అడగలేదు. చక్రం పెంచితే ఇరుసునడుగు అనేవాడు మా నాన్న. చక్రం మాట అందరూ వింటారు, కనపడుతుంది కనక. ఇరుసు మాట ఎవడూ వినడు, అది విరిగినప్పుడు ఒక్కసారే మాట్లాడుతుంది.

మా నాన్న కొత్త చక్రాలు వేసిన ఏ బండినీ వేసినరోజు ఇచ్చేవాడు కాదు. తడి ఇసుక తెప్పించేవాడు. బండి నిండా ఇసుక పోయించి, ఎద్దులు కట్టి, వాకిట్లోనే కుడికొక చుట్టు, ఎడమకొక చుట్టు తిప్పేవాడు, చిన్న చుట్టు, ఎద్దుల మెడలు వంగిపోయేంత చిన్నది. తర్వాత ఇసుక దింపి, ఇరుసు పక్కన కూర్చుని, ఎక్కడైనా కొత్త గీత పడిందేమో వేలితో తడిమేవాడు. గుడ్డివాడు మనవడి మొహం తడిమినట్టు. బండి ఖాళీగా ఉన్నప్పుడు పెళ్లికొడుకురా, బరువేశాకే దాని గుణం తెలిసేది అనేవాడు. సగంరోజు పని పోయేది. బండివాళ్లు గొణిగేవాళ్లు. ఆయన వినేవాడు కాదు, చెవులు కొలిమి దగ్గర ముందే పోయాయి.

పదో రాయి. ముందుకి వంగి అల్లుడి భుజం మీదుగా మీటరు చూశాను. తొమ్మిది పాయింట్ ఒకటి. ఎంత శుభ్రమైన దొంగతనం. పది రాళ్లకు తొమ్మిది. వేగం చూపే ముల్లు ఎనభై దగ్గర వణుకుతోంది. అంటే బండి ఎనభై ఎనిమిదిలో పోతోంది, వాడు ఎనభై అనుకుని ఒక చెయ్యి కిటికీలో పెట్టుకుని పోతున్నాడు, పక్కన నా కూతురు అరటిపండు ఒలుస్తోంది. ఏంటి నాన్నా, ఏమైనా కావాలా అంది వెనక్కి తిరిగి. ఏం లేదన్నాను. వెనక్కి ఆనుకున్నాను. లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అవును, హాయి. పందెంలో గెలిచినవాడి హాయి, ఇంకా పందెం డబ్బు చేతిలో పడకముందు ఉండే హాయి. నా జేబులో తాడు ఉంది, నా దగ్గర పది రాళ్లున్నాయి, వాడి దగ్గర తొమ్మిదే ఉన్నాయి.

కొండ మొదలైంది. రోడ్డు సన్నబడింది, ఒకవైపు రాతిగోడ, ఇంకోవైపు ఏమీ లేదు. చెట్లకొనలు కాళ్ల కింద. మొదటి మలుపు ఎడమకి, ఏం వినపడలేదు. రెండోది కుడికి. అప్పుడు వినపడింది. నా కాళ్ల ముందు, ఎడమ చక్రం వైపు, గర్ర్ మని, ముసలికుక్క నిద్రలో గురకపెట్టినట్టు. మలుపు తిరిగాక ఆగిపోయింది. మళ్లీ ఎడమ మలుపు, నిశ్శబ్దం. కుడి మలుపు, గర్ర్. నాకు అర్థంకావడానికి రెండు మలుపులు చాలు. కుడికి తిప్పితే బరువంతా ఎడమకి ఒరుగుతుంది, స్ప్రింగు కుంగుతుంది, చక్రం పైకొస్తుంది, ఆ రెండు వేళ్ల సందు ఇక లేదు. ఐదుగురం కూర్చున్నాం. ఇసుక మేమే. బండి ఇప్పుడు బరువేసి తిరుగుతోంది, డాక్టర్ చెయ్యని పరీక్ష కొండ చేస్తోంది, తీసుకొచ్చి మరీ ఇచ్చాం.

తాతయ్యా, బండి గొణుగుతోంది అంది చిటికె. అల్లుడు పాట శబ్దం పెంచాడు. కొత్త టైర్లు అలాగే అంటాయి అమ్మా అన్నాడు. టైర్లేమో కొత్త కోడళ్లు, బ్రేకులేమో కొత్త కోడళ్లు, ఈ కాపురంలో తప్పు మాత్రం ఎవరిదీ కాదు. పదిహేనో రాయి. నేను లెక్కపెడుతున్నాను, కుడి మలుపులు ఐదు, గర్ర్ ఐదు. ఆరోదానికి శబ్దం మారింది, గర్ర్ కాదు, సన్నగా చీరినట్టు. రబ్బరు వాసన వచ్చింది, కాలిన వాసన కాదు, బడిలో పిల్లలు రబ్బరుతో కాగితాన్ని గట్టిగా తుడిస్తే వచ్చే వాసన. అప్పుడు మా ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది. నేను చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తోంది, అయినా ఆ ఎడమకాలు, అవిటిది, తనంతట తాను నేలమీద జరిగి సీటు కిందకి పోయింది. మనిషి మర్చిపోతుంది. కాలు మర్చిపోదు.

నలభై ఏళ్ల కిందటి మాట. వాగులో బస్తాలు తడుస్తున్నాయని ఒక ధాన్యం వ్యాపారి నాలుగు వేళ్లు పెద్ద చక్రాలు కావాలన్నాడు. నాన్న మంచం మీద ఉన్నాడు, రొమ్ములో నీరు. నేనే చేశాను, నేనొక్కణ్నే, చక్రం ఆకులు నావి, అవి దిగే నడిమి కుండ నాది, చుట్టూ ఇనప కట్టు నాది, అంత పెద్ద చక్రం మా చుట్టుపక్కల ఎవడూ చెయ్యలేదు. ఇసుకేసి తిప్పావా అని మంచం మీంచి అడిగాడు. తిప్పానన్నాను. తిప్పలేదు. అప్పటికే బస్తాలు వేసి ఉన్నాయి, వాకిట్లో జనం ఉన్నారు, చక్రాలు ఎండలో మెరుస్తున్నాయి, నాకు పెళ్లై ఏడాది, ఆవిడ చూడాలి నన్ను ఆ బండి మీద. ఎక్కు అన్నాను. ఎక్కింది. గట్టు మీద తిరిగేచోట, ఒరుగుతున్నట్టుంది అంది మెల్లిగా. నేనేమన్నానో నాకు తెలుసు, ఆవిడకి తెలుసు, ఇంకెవరికీ తెలియదు. ఏం కాదు, కూర్చో అన్నాను. ఎత్తు పెరిగితే బరువు నడుము దగ్గర ఉండదు, తలలోకి పోతుంది. తాగినవాడిలా బండి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, ఆలోచించుకుని పడింది. కట్టు నేనే కొట్టాను, ఎంత గట్టిగా కొట్టానంటే ఆవిడ చీలమండ మీద ఆ ఇనప అంచు ముద్ర ఇప్పటికీ పోలేదు. అందరూ పరిగెత్తుకొచ్చారు. ఎద్దు బెదిరింది అని చెప్పాను. నాన్నకూ అదే చెప్పాను, వారంరోజుల్లో అది నమ్మే పోయాడు, నమ్మాడో లేదో. మా అమ్మాయికి చిన్నప్పుడు ఆవిడే చెప్పింది, ఎద్దు బెదిరిందమ్మా అని. అల్లుడికి పెళ్లిచూపుల్లో చెప్పారు. చిటికెకు కథలా చెబుతారు. నలభై ఏళ్లుగా ఎద్దే బెదురుతోంది పాపం, ఏ పాపం ఎరగని ఎడమ ఎద్దు. దాన్ని ఆ ఏడే అమ్మేశాను, దాని మొహం చూడలేక.

పందొమ్మిదో రాయి, కొండకొన దగ్గరపడింది. ఇక్కడినుంచి అవతలికి దిగుడు. దిగుడంతా బ్రేకు మీదే, అల్లుడి కాలు అక్కణ్నుంచి లేవదు, ఆ గొట్టంలో నూనె ప్రతి మలుపుకీ కొట్టుకుంటుంది. తెలుసు నాకు. మూడు వారాలుగా తెలుసు. రెండు వేళ్ల సందు చూసినప్పుడే తెలుసు. మరెందుకు ఎక్కాను. ఎందుకు ఎక్కనిచ్చాను. పొద్దున తాడు పట్టుకుని దొంగలా వాకిట్లో తిరిగినవాణ్ని, తలుపు కొట్టి ఒక్కమాట అనలేనా. అనగలను. అనలేదు. ఆ పదహారు పళ్లు గుర్తున్నాయి కనక. తాతా ఇది ఎద్దులబండి కాదు అన్నప్పుడు వాడు నవ్వాడు కనక. నేను ఎదురుచూస్తున్నాను, అదీ సంగతి. ఏదో ఒకటి కావాలని చూస్తున్నాను. పెద్దది అక్కర్లేదు, వీడి మొహం పాలిపోయేంత చాలు, అప్పుడు జేబులోంచి తాడు తీసి చూపించేంత చాలు. అంత కొలిచి కొలిచి అనుకున్నాను, చిన్న ప్రమాదం, జానెడు ప్రమాదం, మందుమూతలో గీత దాకా పోసినంత. పక్కన మా ఆవిడ రెండోసారి అదే బండి ఎక్కి కూర్చుంది, రెండోసారీ నేనే మోచెయ్యి పట్టి ఎక్కించాను. వీడు తెలియక చేశాడు. వెధవ, కానీ తెలియని వెధవ. ఈ బండిలో తెలిసి కూర్చున్న వెధవ ఒక్కడే ఉన్నాడు.

కుడి మలుపు. ఆ శబ్దం రాలేదు. ఈసారి గర్ర్ లేదు, చీరినట్టూ లేదు, తడిగుడ్డను రాయి మీద లాగినట్టు మెత్తగా ఏదో. చిటికె బెల్టు చంక కింద దోపుకుని, నా మోచేతికి తల ఆనించి, కళ్లు పైకెత్తి అడిగింది.

“ఏం కాదు కదా తాతయ్యా?”

ముందు కొన కనపడుతోంది, ఆ తర్వాత రోడ్డు కిందకి ఒంగి మాయమైపోయింది. ఎనిమిదేళ్లుగా నేను అల్లుణ్ని గారూ అనే అన్నాను, మీరనే అన్నాను. ప్రేమతో కాదు, ఆ గౌరవం గోడలాంటిది, ఇవతల కూర్చుని ఎంతైనా అసహ్యించుకోవచ్చు.

“ఆపరా.”

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. పాట నడుస్తూనే ఉంది. మా అమ్మాయి చేతిలో అరటిపండు ఆగిపోయింది. ఆ ‘రా’ ఎక్కడ తగిలిందో, వాడు ఎందుకని అడగలేదు, వెనక్కి చూడలేదు, మెల్లిగా తొక్కి, కొన మీద ఇరవై రెండో రాయి పక్కన, చదునుగా ఉన్నచోట ఆపాడు. ఆగింది. ఇంకా ఆగగలిగింది. పెడలు కొంచెం లోపలికి పోయింది అన్నాడు తనలో తను.

నేను పీట వేసుకోకుండానే దిగాను, మోకాలు కొట్టుకుంది. ఎడమ ముందు చక్రం పక్కన నేలమీద పడుకుని తల లోపలికి పెట్టాను. గొట్టం పైరబ్బరు లేదు. రెండంగుళాల మేర నల్లతోలు ఒలిచేసినట్టు పోయి, లోపలి అల్లిక దారాలు తెల్లగా బయటికొచ్చాయి, కొన్ని తెగి గెడ్డంలా వేలాడుతున్నాయి, వాటి చివర నూనె చుక్క. చూస్తూండగా చుక్క పెద్దదై రాలింది, ఇంకోటి మొదలైంది. అల్లుడు నా పక్కనే వచ్చి పడుకున్నాడు, ఇస్త్రీ చొక్కాతో, మట్టిలో. ఇద్దరం పక్కపక్కన వెల్లకిలా పడుకుని ఆ చుక్కనే చూశాం. వాడి ఊపిరి వినపడుతోంది. చుక్క లెక్కపెట్టడం వచ్చినవాడు కదా, వాడి పెదాలు కదిలాయి. జేబులో తాడు నా తొడకు గుచ్చుకుంటోంది. తియ్యలేదు.

బయటికొచ్చాక వాడు రెండు ఫోన్లు చేశాడు. బండిని ఎత్తుకుపోయే లారీ రావడానికి రెండు గంటలన్నారు. డాక్టర్‌కు చేశాడు, వాడేదో చెప్పాడు, వీడు విన్నాడు, అవును, అవును అన్నాడు, వింటూ వింటూ మొహంలోకి మళ్లీ రక్తం వచ్చింది, ఆసరా దొరికినవాడి మొహంలా. ఫోను పెట్టేసి మా అమ్మాయి వైపు తిరిగాడు. ఈ రోడ్డు అలాంటిదట, ఈ గుంటలకి ఏ బండైనా ఇంతేనట, రాయి ఎగిరి తగిలి ఉంటుందని చెబుతున్నాడు అన్నాడు. నునుపైన తారురోడ్డు. ఒక్క గుంట లేదు. వాడు నా వైపు చూడకుండా మా ఆవిడ వైపు చూసి, రోడ్డు వల్లేనండీ అత్తయ్యా అన్నాడు, ఆవిడ ఒప్పుకుంటే చాలన్నట్టు. నాకు ఆ చూపు తెలుసు. పడిపోయిన బండి పక్కన నిలబడి, పరిగెత్తుకొచ్చే జనాన్ని చూసిన చూపు. ఇంకో నలభై ఏళ్లు ఈ రోడ్డు బెదురుతూనే ఉంటుంది. నవ్వొచ్చింది, అసహ్యం వేసింది, దేనిమీదో విడదీసి చెప్పలేను.

“ఎద్దు బెదరలేదు,” అన్నాను.

మా అమ్మాయికి అర్థంకాలేదు. ఏ ఎద్దు నాన్నా అనబోయి, వాళ్లమ్మ మొహం చూసి ఆగింది. మా ఆవిడ రాయికి ఆనుకుని నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. చూపు ఆ చక్రం మీద ఉంది, ఎత్తైన, నల్లటి, మెరిసే చక్రం మీద. “ఇసుక వెయ్యలేదు,” అన్నాను మళ్లీ, ఆవిడకి, నాన్నకి, ఎవరికో. “నాన్నకి వేశానని చెప్పాను.” అంతకుమించి నాకు రాలేదు. అల్లుడు అత్తయ్య కాలు వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఫోను జేబులో పెట్టుకున్నాడు. రోడ్డు మాట మళ్లీ ఎత్తలేదు.

తినే వేళైంది. మా అమ్మాయి వెనకనుంచి డబ్బాలు దింపింది, గుడ్డ పరిచింది, రాయి నీడ చాలక చిటికె నీలం పీట తెచ్చుకుని దానిమీద కూర్చుంది. మా ఆవిడ కింద కూర్చుని, ఎప్పుడూ మడిచి కింద దాచుకునే ఆ కాలును ముందుకి చాపింది. అందరి మధ్యలోకి, గుడ్డ అంచుదాకా చాపింది. చీలమండ మీద ఇనప కట్టు మచ్చ ఎండలో పడింది. చుక్కలు రాలడం ఇక్కడికి వినపడుతోందేమో అనిపించింది, వినపడదు. ఆవిడ వడ్డించింది. ఏ రోజైనా మొదట అల్లుడికే పెట్టే మనిషి, ముందు చిటికెకు పెట్టింది, తర్వాత కూతురికి, తర్వాత అల్లుడికి. తర్వాత తను పెట్టుకుంది. గరిటె డబ్బాలో ఆగింది కాసేపు. ఆఖరున నాకు పెట్టింది. పెట్టింది. కొండమీద గాలి లేదు. అల్లుడు చొక్కాకు మట్టితోనే తల వంచుకుని తిన్నాడు, నేను తల వంచుకుని తిన్నాను, చిటికె కూడా తల వంచుకుని తిన్నది.